మియాకా తెరిచిన పుస్తకం
(గ్రంథాలయ వారోత్సవాల్లో చేసిన ప్రసంగం)

వేదిక మీది పెద్దలకు, ముందు వరుసల్లో ఉన్న తల్లిదండ్రులకు, వెనక గోడకి ఆనుకుని నిలబడ్డ పిల్లలకు నమస్కారం. పుస్తక పఠనం వల్ల ప్రయోజనాల గురించి నాకన్నా ముందు మాట్లాడినవాళ్లు చాలా చెప్పారు. నేను ఒక్క పుస్తకం గురించే మాట్లాడతాను. అది జపాన్ వాళ్ల బొమ్మల కథ, మాంగా. పేరు ఫుషిగి యూగి. కథా, బొమ్మలూ యూ వాతాసెవి. 1992 నుంచి 1996 దాకా అక్కడి అమ్మాయిల పత్రికలో సీరియల్‌గా వచ్చి, 18 సంపుటాలైంది.

ఈ కథ మొదలయ్యేది లైబ్రరీలో. అందుకే ఇవాళ ఇక్కడ చెబుతున్నాను.

మియాకాకి 15 ఏళ్లు. జపాన్‌లో హైస్కూల్లో చేరాలంటే ఎంట్రన్స్ రాయాలి. ఒంటరిగా పిల్లల్ని పెంచుతున్న వాళ్లమ్మకి, కూతురు బాగా పేరున్న స్కూల్లోనే చేరాలని పట్టుదల. మియాకాకి అంత చదువు రాదు. స్నేహితురాలు యుయికి వస్తుంది. ఇద్దరూ ఓ రోజు లైబ్రరీకి వెళతారు. అక్కడ మియాకాకి ఎర్రటి పక్షి ఒకటి కనిపిస్తుంది. దాని వెంట పోతే, మామూలువాళ్లని రానివ్వని గది, అందులో ఓ పాత చైనా పుస్తకం. పేజీ తిప్పగానే ఈ కథ నిజమవుతుందని మొదట్లోనే రాసి ఉంటుంది. తిప్పుతారు. లోపల పడతారు.

లోపల పాతకాలపు చైనాలాంటి రాజ్యం. ఏడుగురు నక్షత్ర వీరులని కూడగడితే దేవత దిగివచ్చి కోరిక తీరుస్తుంది. ఈ పిల్ల మొదట ఏం కోరుకోవాలనుకుంటుందో తెలుసా? ఎంట్రన్స్‌లో సీటు! మాయాలోకంలోకి వెళ్లినా టెన్షన్ వదల్లేదు. అది చదివినప్పుడు నాకు ఏడుపొచ్చింది.

ఆ ఏడుగురిలో ఒకడు తమహోమె. ఏ పని చేసినా ముందు డబ్బు అడుగుతాడు. ఆశపోతు అనుకుంటాం. తీరా వాళ్ల ఊరు వెళ్తే మంచాన పడ్డ తండ్రి, చిన్న చిన్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ నలుగురు కనిపిస్తారు. మియాకా అతన్ని ప్రేమించిందంటే ఊరికే ప్రేమించలేదు. ఇంకో సంగతి, అతని నక్షత్రం మనకి కొత్తదేం కాదు. చైనావాళ్ల లెక్కలో చంద్రుడి మజిలీలు 28, మనకి 27. తమహోమెది కర్కాటకంలో ఉండే మన పుష్యమి.

అసలు విషయానికొస్తాను. ఒకసారి ఇంటికి తిరిగొచ్చిన మియాకా, ఆ స్కూలు తనకొద్దంటుంది. తల్లి చెంప మీద కొడుతుంది. పిల్ల పరిగెత్తుకుంటూ లైబ్రరీకే పోయి, ఈసారి తనంతట తనే పుస్తకంలోకి వెళుతుంది.

నేను ఇంటర్ హాస్టల్లో చదివాను. తెల్లవారుజామున ఐదింటికి మొదలైతే రాత్రి పదిన్నర దాకా స్టడీ అవర్లే. ఆ కాలేజీ పేరు చెప్పను. హైదరాబాద్ ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద ఈ కథ మొదటి పుస్తకం కొనుక్కుని, ట్రంకుపెట్టెలో బట్టల కింద దాచి తెచ్చాను. నేనూ, నా పక్క మంచం అమ్మాయీ దుప్పటి కింద టార్చిలైటు పెట్టుకుని రోజూ నాలుగైదు పేజీలు చదువుకునేవాళ్లం. ముప్పై రోజులు దాచుకుని తిన్నట్టు చదివాం. ఓ రాత్రి వార్డెన్‌కి అది ఆ అమ్మాయి పరుపు కింద దొరికింది. మా కళ్ల ముందే చింపి, "ఎవరిది?" అని అడిగారు.

పుస్తకం నాది. నేను నోరు విప్పలేదు.

ఆమె కూడా నా పేరు చెప్పలేదు. మర్నాడు వాళ్ల నాన్నగారు వచ్చారు. గేటు దగ్గర ఆమె ఒక చేత్తో పరుపుచుట్ట, ఇంకో చేత్తో బకెట్ పట్టుకుని నిలబడింది. బకెట్‌లో సబ్బుపెట్టె, ఇంకా ఆరని టవల్. నేను క్లాసు కిటికీలోంచి చూస్తూ ఉండిపోయాను. మళ్లీ మేం మాట్లాడుకోలేదు.

మియాకా అలా రెండోసారి లోపలికి వెళ్లాక యుయి బయట కూర్చుని ఆ పుస్తకం చదువుతూ ఉంటుంది. స్నేహితురాలికి ఏం జరిగినా ఆ అక్షరాల్లో తెలుస్తుంది. తర్వాత, నన్ను వదిలేసి పోయిందన్న బాధతో ఆ యుయే శత్రువవుతుంది. ఆ పేజీలు నేను ఇప్పటికీ గబగబా తిప్పేస్తాను.

అమ్మా, అయ్యా, మీ పిల్లల చేతిలో కథల పుస్తకం కనిపిస్తే లాక్కోకండి. పక్కన కూర్చుని ఎంతవరకు వచ్చిందో అడగండి. మన రీడింగ్ రూమ్ నిండా గ్రూప్స్, డీఎస్సీ పుస్తకాలే ఉన్నాయి. ఉండాలి, కాదనను. ఒక్క ర్యాక్ కథలకివ్వండి.

ఈ కథ మొత్తం తెచ్చాను. మూడేసి సంపుటాలు కలిపి కుట్టిన 6 పుస్తకాలు, ఇంగ్లీషులో. పిల్లలూ, కుడి నుంచి ఎడమకి చదవాలి, తిరగేసి కుట్టారనుకోకండి. చిన్నపిల్లలకి తగని ఘట్టాలున్నాయి కాబట్టి పదో తరగతి దాటినవాళ్లకే ఇవ్వాలి. కానీ తాళం వేసిన బీరువాలో మాత్రం పెట్టొద్దు.

లైబ్రేరియన్ గారూ, రిజిస్టర్ తెచ్చారా? దాత పేరు దగ్గర నాది తర్వాత రాద్దురుగాని. ముందు ఆమె పేరు రాయండి. ఇంటిపేరుతో సహా చెబుతాను, రాసుకోండి.