హ్యావ్‌లాక్ కపుల్ బోట్ రైడ్స్: సన్‌సెట్ బోటా, రాత్రి కయాకా? మా నిజమైన రివ్యూ

అందరికీ నమస్తే అండి, నెల్లూరు నుంచి మళ్ళీ వచ్చేశాను. అండమాన్ వీడియో ఎప్పుడక్కా ఎప్పుడక్కా అని అడుగుతానే ఉన్నారు, ఇదిగో. ముందే ఒకటి చెప్పేస్తా. ఇందులో సన్‌సెట్ ప్రైవేట్ బోట్ మాకు ఫ్రీగా ఇచ్చారు, ఒక ట్రావెల్స్ వాళ్ళు, రివ్యూ చెయ్యమని. రాత్రి కయాక్‌కి, అదే తెడ్లేసుకుంటా పోయే చిన్న పడవకి, మాత్రం మా డబ్బులే పెట్టుకున్నాం. ప్యాకేజీలో ఏమేం ఇస్తారు, రేటెంత, ఫెర్రీ ఎంతసేపు, ఇవన్నీ మీరు వేరే వీడియోల్లో చూసేసుంటారు, నేను మళ్ళీ ఆ లిస్టు చదవను.

సన్‌సెట్ బోట్ సంగతి చెప్తా. అసలు మనకి సన్‌సెట్ అంటే ఎందుకంత ఆశ? మైపాడు పోండి, కోడూరు పోండి, తూపిలిపాళెం పోండి, అటు కొత్తపట్నం దాకా పోండి, మన తీరమంతా తూర్పుకే కదా ఉండేది. తెల్లారి సూర్యుడు నీళ్ళలోంచి లేచేది చూస్తాం గానీ, సాయంత్రం మునిగేది మన వెనకాల, చెట్లల్లోకి. నీళ్ళల్లోకి దిగిపోయే సూర్యుణ్ణి మా బావతో కలిసి పడవలో కూర్చొని చూడాలని నాకు పెళ్ళికి ముందు నుంచీ ఉండాది. అండమాన్ అనుకున్నదే దానికోసం.

తీరా చూస్తే ఏమైందంటే, అండమాన్‌లో మేం పోయిన హ్యావ్‌లాక్ దీవిలో, అంటే ఇప్పుడు స్వరాజ్ ద్వీప్ అంటున్నారు 2018 నుంచి, రిసార్టులు ఎక్కువ శాతం విజయనగర్ బీచ్ సైడు ఉంటాయి, అది తూర్పు. సూర్యుడు మునిగేది రాధానగర్ బీచ్ సైడు, అది పడమర. మమ్మల్ని ఎక్కించుకున్న పడవ తిరిగిందంతా తూర్పు పక్కనే! సూర్యుడు దీవి మీద చెట్ల వెనక్కి పొయ్యాడు. అది నాకు మైపాడులోనే కనపడద్ది కదండీ, దానికోసం సముద్రం దాటి రావాలా?

ఇంకోటి టైము. పేపర్ మీద సాయంత్రం 5 గంటలకి స్టార్ట్ అని రాశారు. మనకి డిసెంబర్లో పొద్దు గుంకేది 5:45 అట్టా, కాబట్టి చూసినోళ్ళకి కరెక్టే అనిపిస్తుంది. కానీ అండమాన్ మనకి బాగా తూర్పున ఉండాది. మన గడియారం టైము లెక్కేసేది 82.5 డిగ్రీల రేఖాంశం మీద, అది మన కాకినాడ దగ్గర్లోంచి పోతుంది, హ్యావ్‌లాక్ ఏమో 93 డిగ్రీల దగ్గర. ఒక డిగ్రీకి 4 నిమిషాలు. నెల్లూరు 80 డిగ్రీలు, అంటే మనకీ వాళ్ళకీ దగ్గర దగ్గర 50 నిమిషాల తేడా, గడియారం మాత్రం ఒకటే. డిసెంబర్లో అక్కడ 5 గంటలకల్లా అయిపోద్ది. మేం లైఫ్ జాకెట్లు వేసుకొని, బెలూన్ల పక్కన ఫోటోలు దిగి, బోటు కదిలేసరికే ఆకాశంలో ఎరుపు తప్ప ఏం లేదు. ప్యాకేజీలు అమ్మే వాళ్ళకి ఇది తెలియకపోతే ఎట్టా? ఫ్రీగా ఇచ్చారని నేను దీన్ని దాచలేను, ఎందుకంటే మీలో చాలామంది కొత్తగా పెళ్ళైనోళ్ళు, ఒక్కసారి పోయేదానికి డబ్బు దాచుకొని పోతారు.

బోటు మీద కుర్రాళ్ళు మాత్రం బంగారం. ఒకబ్బాయి తెలుగే, వాళ్ళ తాత శ్రీకాకుళం నుంచి పోయి పోర్ట్ బ్లెయిర్లో స్థిరపడ్డారంట, అక్కడ మనోళ్ళు చాలామంది ఉన్నారు. డెకరేషన్ చక్కగా చేశారు, పూలు అవీ. అయితే ఇంజిన్ మోత. బావ ఏదో చెప్తా ఉంటే "ఏందీ? ఏందీ?" అని నేను అరవడమే సరిపోయింది. ఆపమంటే ఆపారు, ఆపగానే పడవ అలలకి అడ్డం తిరిగి ఊగడం మొదలు, కేక్ ప్లేటు పట్టుకొని కూర్చున్నాం. డీజిల్ వాసన సరేసరి. ఇంతకుముందు అలెప్పీ హౌస్‌బోట్ వీడియో చేశాను కదా, అక్కడ సాయంత్రమయ్యేసరికి పడవని ఒడ్డుకి కట్టేస్తారు, రాత్రి జాలర్లు వలలేసుకుంటారని, అందుకే అక్కడ ప్రశాంతంగా మాట్లాడుకోగలిగాం. పులికాట్‌లో బీవీ పాళెం బోటు కూడా ఇంజినుదే, కానీ అది ఫ్యామిలీలతో సరదాగా పోయేది, దాన్నుంచి మనం రొమాన్స్ ఏం ఆశించం.

ఇంక కయాక్. అబ్బా, దీనికోసమే ఈ వీడియో అనుకోండి. రాత్రి పూట మడ చెట్ల మధ్యలో, ఇద్దరు కూర్చునే చిన్న పడవ, ఇంజిన్ లేదు, తెడ్లే. గైడు పక్కన ఇంకో కయాక్‌లో వస్తాడు. నాకు ఈత రాదు, అయినా లైఫ్ జాకెట్ ఉండాది, నీళ్ళు కదలకుండా ఉన్నాయి, భయం వెయ్యలేదు. వెనక కూర్చున్నోళ్ళే దారి తిప్పాలి, కాబట్టి బావ వెనక, నేను ముందు. కొంచెం లోపలికి పొయ్యాక గైడు టార్చి ఆపేసి "ఇప్పుడు తెడ్డు వెయ్యండి" అన్నాడు. వేశాను. తెడ్డు చుట్టూ నీళ్ళు నీలంగా వెలిగాయండి! పైకి తీస్తే చివర్నుంచి జారే ఒక్కో చుక్కా కింద పడ్డచోట కాకరపువ్వొత్తి రవ్వలా మెరిసి ఆరిపోతుంది. అడుగున చేప పరిగెత్తితే దాని వెనక సన్నగా గీత. వెనక నుంచి బావ మెల్లగా "చెయ్యి పెట్టి చూడు" అన్నాడు, ఆ మెల్లటి మాట నాకు స్పష్టంగా వినపడింది. సముద్రపు నీళ్ళలో కంటికి కనపడనంత చిన్న జీవులు ఉంటాయి, నీళ్ళు కదిలితే వెలుగిస్తాయి. 2019 ఆగస్టులో చెన్నై బీచ్‌లో అలలు నీలంగా వెలిగాయని వార్తలొచ్చాయే, ఇదీ అలాంటిదే.

దీని వీడియో ఏదక్కా అంటారు. లేదు. ఫోన్లో నల్లగా తప్ప ఏం రాదు. మీరు ఇన్‌స్టాలో చూసే ఫోటోలు కెమెరా స్టాండు మీద పెట్టి చాలాసేపు లైటు పట్టనిచ్చి తీసినవి. కంటికి అంత ధగధగా ఉండదు, కానీ కంటితో చూసేదే నాకు ఎక్కువ నచ్చింది. మడ చెట్ల దగ్గర చిన్న ఈగలు కుడతాయి, ఫుల్ ప్యాంటు వేసుకొని పోండి.

కాబట్టి ఫ్రీగా ఇచ్చిన బోటు నేను రికమెండ్ చెయ్యను, డబ్బులు పెట్టిన కయాక్ కళ్ళు మూసుకొని చేస్తా. సన్‌సెట్ కావాలంటే 4 గంటలకే స్కూటీ మీద రాధానగర్ పోయి ఇసుకలో కూర్చోండి, బోటే అక్కర్లేదు.

కయాక్‌కి మాత్రం వెన్నెల ఉండకూడదు. టికెట్లు బుక్ చేసేముందు ఇంట్లో గోడ మీద క్యాలెండర్ చూడండి. అమావాస్యకి అటూ ఇటూ బెస్ట్. బహుళ పంచమి దాటిందంటే చంద్రుడు లేటుగా లేస్తాడు, 7 గంటలకి పోయేవాళ్ళకి చీకటే దొరుకుద్ది. పౌర్ణమికి ముందు వారంలో పోయేవాళ్ళు దీనికి డబ్బు పెట్టొద్దు. మీ డేట్లు కింద కామెంట్లో పెట్టండి, ఆ రోజు చంద్రుడు ఎన్నింటికి లేస్తాడో నేను చూసి రిప్లై ఇస్తా.