మాలి పల్లెల్లో ముందు అడిగిన ప్రశ్న

హోస్ట్: నమస్తే అండి. ఈరోజు ఆఫ్రికా నాటువైద్యం గురించి. మనతో ఉన్న మేడమ్ ఫార్మకాలజీ, అంటే మందులు ఒంట్లో ఎలా పనిచేస్తాయో చెప్పే శాస్త్రం, పాఠాలు చెప్తారు. మేడమ్, నాటు మందును పరీక్షించడమంటే మొక్కను ల్యాబ్‌కి తెచ్చి, సారం తీసి, ఎలుకల మీద చూడటమే కదా?

అతిథి: సాధారణంగా అంతేనండి. అలా మొదలైనవాటిలో మనిషి దాకా వచ్చే మందులు చాలా తక్కువ. మాలి దేశంలో ఈ వరసనే తిరగేశారు. ముందు పల్లెల్లో ఇంటింటికీ వెళ్ళారు. "మీ పిల్లాడికి ఈమధ్య మలేరియా వచ్చిందా? ఏం తాగించారు? తాగాక ఎలా ఉన్నాడు?" అని అడిగారు. ఆ మూడో ప్రశ్న నాకు చాలా విలువైనదనిపిస్తుంది. చాలా సర్వేలు రెండోదాంతోనే ఆగిపోతాయి.

హోస్ట్: ఎన్ని మొక్కలు బయటికొచ్చాయి?

అతిథి: 66. అందులో ఎక్కువమంది కోలుకున్నది ఆర్జిమోన్ మెక్సికానాతో. బీడు భూముల్లో, రోడ్ల పక్కన పసుపు పూలతో, ముళ్ళ ఆకులతో కనిపిస్తుందే...

హోస్ట్: బలురక్కసా!

అతిథి: అదే. పుట్టింది మెక్సికో వైపు. తర్వాత మోతాదు తేల్చాలి కదా, 80 మందిని మూడు గుంపులుగా చూశారు. దాని కషాయం రోజుకోసారి మూడు రోజులు తాగితే 35 శాతం మందికి నయమైంది. రోజుకు రెండుసార్లు వారం తాగితే 73 శాతం. ఇంకా పెంచితే 65. ఎక్కువ తాగినంత మాత్రాన ఎక్కువ గుణం రాలేదు.

హోస్ట్: మరి మలేరియా మాత్రలతో పోల్చారా?

అతిథి: పోల్చారు, 2010లో ఫలితాలు వచ్చాయి. 301 మందిలో ఎవరికి కషాయం, ఎవరికి ఆర్టిసునేట్-అమోడియాక్విన్ అనే మలేరియా మాత్రలు అన్నది లాటరీ పద్ధతిలో తేల్చారు. 28 రోజుల్లో రెండో మందు అవసరం పడనివాళ్ళు కషాయంతో 89 శాతం, మాత్రలతో 95. ఐదేళ్ళలోపు పిల్లల్లో జబ్బు ముదిరింది రెండు వైపులా 1.9 శాతమే.

హోస్ట్: అంటే రెండూ సమానమేనా?

అతిథి: కాదండి. మాత్రలే మేలు. కషాయంతో జ్వరం తగ్గినా, చాలామంది రక్తంలో పరాన్నజీవి పూర్తిగా పోలేదు. తరచూ మలేరియా సోకే ఊళ్ళలో ఒంటికి కొంత తట్టుకునే శక్తి వస్తుంది. అది లేనివాళ్ళకు ఈ లెక్కలు వర్తిస్తాయని అనుకోకూడదు. ఆసుపత్రి దూరమైన పల్లెలో మొదటి ఆసరాగా పనికొస్తుందా అన్నదే అక్కడి ప్రశ్న.

హోస్ట్: ఇది విని ఎవరైనా ఇంట్లో కాచుకుంటారేమోనని నాకు టెన్షన్‌గా ఉంది.

అతిథి: దయచేసి వద్దు. దీని గింజల నూనె విషం. 1998లో ఢిల్లీలో ఆవనూనెలో అది కలిసి, కాళ్ళు వాచి, గుండె దెబ్బతిని 60 మందికి పైగా చనిపోయారు. మాలిలో వాడింది ఎండిన ఆకులు, కాండాల కషాయం. అదీ వైద్యుల పర్యవేక్షణలో.

హోస్ట్: మరి ల్యాబ్ పని ఎప్పుడు?

అతిథి: చివర్లో. ఆ మొక్కలో ఉండే బెర్బెరిన్ అనే పదార్థాన్ని గుర్తుగా పెట్టుకున్నారు. ఈసారి కోసిన మొక్కలో సరుకు ఉందా లేదా అని చూడటానికి అది పనికొస్తుంది. ఇదంతా ఆరేళ్ళ పని.