అరుగు మీద వడియాలు: లైనక్స్‌కి ఎంత ర్యామ్ కావాలి?

అందరికీ నమస్కారం. లైనక్స్ గురించి ఎక్కడ మాట్లాడినా చివర్లో ఎవరో ఒకరు లేచి, "అన్నా, ఎంత ర్యామ్ ఉంటే సరిపోతుంది?" అని అడుగుతారు. భోజనాలకి లేటవకుండా ఈసారి దాంతోనే మొదలుపెడుతున్నాను.

ముందు నా తెలివితక్కువతనం చెప్తాను. 2012లో నాది 2 జీబీ ల్యాప్‌టాప్. ఓ రోజు టెర్మినల్‌లో, అదే కమాండ్లు టైపు చేసే కిటికీలో, ర్యామ్ లెక్క చూపించే ఫ్రీ అనే కమాండ్ కొట్టి చూస్తే, ఫ్రీ అన్న గడిలో 90 మెగాబైట్లు కూడా లేవు. మెషీన్ బాగానే నడుస్తోంది, టెన్షన్ అంతా నాకే. సాయంత్రానికల్లా సికింద్రాబాద్‌లో కంప్యూటర్ సామాన్లు అమ్మే సీటీసీకి వెళ్లి ఇంకో 2 జీబీ స్టిక్ కొనుక్కొచ్చి బిగించాను. పెన్‌డ్రైవ్‌లోంచి నాలుగు సినిమాలు కాపీ చేసుకుని మళ్లీ చూస్తే, ఫ్రీలో 110. దుకాణంవాడు పనికిరాని స్టిక్ అంటగట్టాడని రాత్రంతా తిట్టుకున్నాను. పాపం, అతని తప్పేం లేదు.

మన ఊళ్లలో ఇంటి అరుగు ఖాళీగా ఉంటే ఊరికే వదిలేస్తామా? వడియాలో, మిరపకాయలో ఎండబెట్టుకుంటాం. చుట్టాలొస్తే చాప చుట్టేసి కూర్చోమంటాం. లైనక్స్ కూడా అంతే. ప్రోగ్రాములు వాడుకోగా మిగిలిన ర్యామ్‌లో, డిస్కు నుంచి చదివిన ఫైళ్లను ఉంచుకుంటుంది, మళ్లీ అడిగితే వెంటనే ఇవ్వొచ్చని. దాన్నే పేజ్ క్యాష్ అంటాం. ఏదైనా ప్రోగ్రాముకి చోటు కావాలంటే ఆ ఫైళ్లను తీసేస్తుంది. నా కొత్త స్టిక్ నిండా ఉన్నవి ఆ సినిమాలే.

అప్పటి ఫ్రీ కమాండ్ రెండో వరసలో క్యాష్ తీసేసిన లెక్క చూపించేది. నేను ఆ వరస చదివితేగా! లైనక్స్‌కి గుండెకాయ లాంటిది కెర్నల్. 2014లో వచ్చిన 3.14 కెర్నల్ నుంచి "అవైలబుల్" అనే అంచనాను కెర్నలే వేసి ఇస్తోంది. ఇప్పుడు ఫ్రీ, స్పేస్, హైఫన్ హెచ్ కొడితే చివరి గడిలో కనిపిస్తుంది. ఈ ఉదయం నా ల్యాప్‌టాప్‌లో టోటల్ 7.6 జీబీ, ఫ్రీ 412 మెగాబైట్లు, అవైలబుల్ 3.3 జీబీ. అంటే ఇంకా మూడు జీబీల పైన చోటుంది. 8 జీబీ మెషీన్‌లో 7.6 ఏమిటంటారా? మిగిలింది గ్రాఫిక్స్‌కీ, మెషీన్ సొంత అవసరాలకీ పక్కన పెట్టేశారు. ఎవరూ కొట్టేయలేదు.

కాబట్టి ర్యామ్ చాలుతోందో లేదో మీ మెషీన్‌నే అడగండి. అదీ ఊరికే కూర్చున్నప్పుడు కాదు, రోజులో అన్నిటికన్నా బరువైన పని చేస్తున్న అరగంటలో. బ్రౌజర్ ట్యాబులు, మీటింగ్, ఎడిటర్ అన్నీ తెరిచి ఉంచి, టెర్మినల్‌లో వీఎంస్టాట్ 1 అని కొట్టండి. సెకనుకో వరస పడుతుంది. మొదటి వరసను వదిలేయండి, అది మెషీన్ ఆన్ చేసినప్పటి నుంచి సగటు. ఎస్‌ఐ, ఎస్‌ఓ అన్న రెండు గడులు చూడండి. ర్యామ్‌లో చోటు చాలనప్పుడు డిస్కులో వాడుకునే చోటే స్వాప్. స్వాప్‌లోంచి ర్యామ్‌లోకి ఎంత వస్తోంది, ర్యామ్‌లోంచి స్వాప్‌లోకి ఎంత పోతోంది అన్నది అక్కడుంటుంది. స్వాప్‌లో అర జీబీ పడి ఉన్నంత మాత్రాన కంగారు అక్కర్లేదు. పొద్దున తెరిచి మరిచిపోయిన ప్రోగ్రాముని అటకెక్కించి ఉంటుంది, అంతే. ఆ రెండు గడుల్లో అంకెలు ఆగకుండా దొర్లుతూ, అవైలబుల్ అడుగంటి, మౌస్ కూడా కదలనని మొరాయిస్తే మాత్రం జేబులో చెయ్యి పెట్టాల్సిందే.

అంకెలు చెప్పకపోతే మీరు ఊరుకోరు కదా. లైనక్స్‌లో రకరకాలున్నాయి. వాటిలో డెబియన్ 12 డెస్క్‌టాప్‌కి 2 జీబీ చాలంటుంది, లైనక్స్ మింట్ హాయిగా వాడాలంటే 4 అంటుంది, ఉబుంటు 24.04 కూడా 4 అంటుంది. అవి అబద్ధాలు కావు. కాకపోతే ఆ లెక్కలు సిస్టమ్‌కి, మీ ట్యాబులకి కాదు. ఈ రోజుల్లో ర్యామ్ తినేది లైనక్స్ కాదు, బ్రౌజర్. 4 జీబీ పాత ల్యాప్‌టాప్‌లో ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికపాటి డెస్క్‌టాప్ వేసిస్తే, నాన్నగారు యూట్యూబ్ చూసుకోవడానికీ, మీభూమిలో అడంగల్ చూసుకోవడానికీ ఇబ్బంది ఉండదు. దానికి జడ్‌ర్యామ్ ఆన్ చేయండి. స్వాప్‌లోకి పోవాల్సినదాన్ని కుదించి ర్యామ్‌లోనే ఉంచుతుంది. ఫెడోరా అనే ఇంకో రకం లైనక్స్ 2020లో వచ్చిన 33వ వెర్షన్ నుంచి దీన్ని తానే పెట్టిస్తోంది. ఆ ల్యాప్‌టాప్‌లో ఇంకా తిరిగే హార్డ్ డిస్కే ఉంటే, ర్యామ్ కన్నా ముందు ఎస్‌ఎస్‌డీ కొనమంటాను.

మామూలు ఆఫీసు పనికి 8 చాలు. ఫోన్ యాప్‌లు తయారుచేసే ఆండ్రాయిడ్ స్టూడియో, కంప్యూటర్ లోపలే ఇంకో కంప్యూటర్‌లా నడిచే వర్చువల్ మెషీన్లు ఉంటే 16. వర్చువల్ మెషీన్‌కి 4 జీబీ ఇచ్చారంటే, ఆ నాలుగూ ఇక మీవి కావనే లెక్క. ఇంట్లోనే ఏఐ మోడల్ నడపాలన్న సరదా ఉంటే, 800 కోట్ల పారామీటర్ల మోడల్‌ని 4 బిట్లకి కుదించినా దగ్గర దగ్గర 5 జీబీ మింగుతుంది.

అసలు చిక్కు కొత్త ల్యాప్‌టాప్ కొనేటప్పుడు. పల్చటి మోడళ్లలో చాలావాటికి ర్యామ్‌ని బోర్డుకే సోల్డర్ చేస్తున్నారు, తర్వాత పెంచడం కుదరదు. అలాంటిదైతే 16కి తగ్గకండి. స్లాట్ ఖాళీ ఉంటే మాత్రం 8తో కొని ఆగండి. 2025 చివర్లో ఏఐ డేటా సెంటర్ల గిరాకీకి ర్యామ్ ధరలు ఎలా ఎక్కాయో చూశాం, కొలవకుండా కొనే రోజులు కావివి. పాత ల్యాప్‌టాప్‌కి కొనేవాళ్లు డీడీఆర్3, డీడీఆర్3ఎల్ అనే రెండు ర్యామ్ రకాల తేడా చూసుకోండి. చూడ్డానికి ఒకేలా ఉంటాయి గానీ, ఒకటి 1.5 వోల్టులది, రెండోది 1.35కి కూడా నడిచేది. రెండోదే కావాలనే ల్యాప్‌టాప్‌లో మొదటిది పెడితే స్క్రీనే రాదు.

ఇక మాటలు చాలు. ప్రొజెక్టర్ కేబుల్ ఖాళీగా ఉంది, ఎవరి ల్యాప్‌టాప్ తగిలిద్దాం? వెనక వరసలో చెయ్యెత్తారు, రండి. ట్యాబులు మూయకండి, ఎలా ఉన్నవి అలాగే తీసుకురండి.