శాంపిల్ తీయని ఊరు టేబుల్‌లో ఎందుకు లేదు?

(నల్లగొండలో డిగ్రీ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీదున్న పెద్దలకు, లెక్చరర్లకు, తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నమస్కారం. శాలువా కప్పారు, సంతోషం. టైమ్ తక్కువ ఉంది, నేరుగా విషయానికొస్తాను. జేసన్, అంటే పేరు-విలువ జతలుగా రాసిన డేటాని, డేటాబేస్‌ల భాష ఎస్‌క్యూఎల్‌తో టేబుళ్లలోకి ఎలా ఎక్కించాలో చెప్పమని పిలిచారు. చెప్తాను, కానీ ఉదాహరణ మాత్రం ఆన్‌లైన్ ఆర్డర్లది కాదు, మన నీళ్లది.

మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు వాళ్లు ఎవరున్నారు? చేతులెత్తండి. మీకు ఫ్లోరైడ్ గురించి నేను చెప్పక్కర్లేదు, ఇంట్లో పెద్దవాళ్ల కాళ్లు చూసే ఉంటారు. లీటరు నీళ్లలో 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగొద్దంటారు. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతిని నాగపూర్‌లోని నీరి, అంటే జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ, తయారుచేసింది, దాని పేరే నల్లగొండ టెక్నిక్. ఆ పేరు మన జిల్లాకి ఎందుకు అంటుకుందో తెలిసిన మనం, నీళ్ల లెక్కల్ని నిర్లక్ష్యంగా ఎక్కించకూడదని నా పట్టుదల.

సరే, నీళ్లు పరీక్షించే ల్యాబ్ నుంచి ఫైల్ వచ్చిందనుకోండి. ఒక్కో ఊరికి ఒక్కో జేసన్. అందులో ఊరి కోడ్, పేరు, మండలం, వాటి కింద శాంపిళ్ల జాబితా, ఒక్కో శాంపిల్‌కి బోరు, తేదీ, ఫ్లోరైడ్ ఎంతో. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లో ముందు ఒకే ఒక్క జేసన్‌బీ కాలమ్‌తో, అంటే జేసన్‌ని దాచుకునే కాలమ్‌తో, టేబుల్ పెట్టి, వచ్చింది వచ్చినట్టు దాంట్లో దింపేయండి. జేసన్‌బీ 2014 నుంచే, అంటే 9.4 వెర్షన్ నుంచే ఉంది. ఈ ముడి టేబుల్‌ని చెరపొద్దు, రేపు ఎవరైనా నిలదీస్తే మనకు ఆధారం అదే. దాంట్లోంచి ఊళ్లు, శాంపిళ్లు అని రెండు టేబుళ్లు నింపాలి. జాబితాని విప్పి వరుసలుగా చేసేది జేసన్‌బీ అరే ఎలిమెంట్స్ ఫంక్షన్. రెండు మొనల బాణం (->>) గుర్తుతో తీసిన విలువ టెక్స్ట్‌గా వస్తుంది, న్యూమరిక్‌గా, అంటే అంకెగా, మార్చుకోవాలి, ఒక్క శాంపిల్‌లో "1.4 పీపీఎం" అని రాసున్నా చాలు, టేబుల్‌లోకి ఎక్కించే ఇన్సర్ట్ మొత్తం ఆగిపోతుంది.

ఇదంతా నెట్‌లో దొరుకుతుంది. నేను చెప్పాలని వచ్చింది వేరే.

ఒక ఆఫీసులో ఇలాంటి డేటాతోనే చేసిన రిపోర్టు చూశాను. మ్యాప్ అంతా పచ్చగా ఉంది. పని మీద వచ్చిన ఒక పెద్దాయన స్క్రీన్ వైపు చూసి "మా ఊరు ఏది సారూ ఇందులో?" అన్నాడు. వెతికితే లేదు. ముడి ఫైల్ తెరిచాం, ఉంది! పేరుంది, మండలముంది, శాంపిళ్ల దగ్గర మాత్రం రెండు చదరపు బ్రాకెట్లు, మధ్యలో ఏమీ లేదు. ఆ ఊరికి పోయి ఎవరూ నీళ్లు పట్టలేదన్నమాట. వాళ్లు రాసిన క్వెరీలో, అంటే డేటాని అడిగే ఆదేశంలో, ముడి టేబుల్ పేరు, పక్కన కామా, ఆ తర్వాత జాబితాని విప్పే ఆ అరే ఎలిమెంట్స్ ఫంక్షన్. అక్కడ కామా అంటే క్రాస్ జాయినే, ఊరిని దాని జాబితాలోంచి వచ్చిన ఒక్కో వరుసతో జత కలపడం. ఖాళీ జాబితా విప్పితే వరుసలు రావు, వాటితో కలిపిన ఊరూ రాదు. ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు. ఎవరి నీళ్లు పరీక్షే చేయలేదో సరిగ్గా ఆ ఊళ్లే లెక్కలోంచి పోయాయి. నాకు కడుపు మండింది.

సరిచేయమంటే ఏం చేశారో తెలుసా? విలువ లేనిచోట వేరే విలువ పెట్టే కోఅలెస్ వాడి సున్నా వేశారు. ఫ్లోరైడ్ సున్నా! పరీక్షించని నీళ్లు జిల్లాలోకెల్లా మంచి నీళ్లయిపోయాయి. సగటు తీసేటప్పుడు నల్‌ని, అంటే విలువ తెలియని ఖాళీని, ఎస్‌క్యూఎల్ పక్కన పెడుతుంది, సున్నాని మాత్రం కలుపుకుంటుంది, దాంతో సగటు కూడా దిగిపోయింది. దయచేసి, మీరెవరూ ఈ పని చేయొద్దు. తెలియనిదాన్ని నల్‌గానే ఉండనివ్వండి.

చేయాల్సింది చిన్నదే. కామా తీసేసి లెఫ్ట్ జాయిన్ లాటరల్ పెట్టండి, చివర ఆన్ ట్రూ, జతకి వరుస దొరక్కపోయినా ఊరు ఉండిపోతుంది. మైక్రోసాఫ్ట్ వాళ్ల ఎస్‌క్యూఎల్ సర్వర్ డేటాబేస్‌లో అయితే క్రాస్ అప్లై బదులు అవుటర్ అప్లై. మైఎస్‌క్యూఎల్ అనే ఇంకో డేటాబేస్ 8.0 వెర్షన్‌లోనూ, 2024లో వచ్చిన పోస్ట్‌గ్రెస్ 17లోనూ జేసన్‌ని వరుసలుగా మార్చే జేసన్ టేబుల్ ఫంక్షన్ ఉంది, అందులో లోపలి జాబితాని విప్పే నెస్టెడ్ పాత్ వాడితే లోపలి జాబితా ఖాళీగా ఉన్నా ఊరు నిలుస్తుంది. ఇంకా మంచిది, ఊళ్ల టేబుల్‌ని ముడి టేబుల్ నుంచే నేరుగా నింపండి, శాంపిళ్లు విప్పాక కాదు. రిపోర్టులో కూడా ఊళ్ల నుంచి శాంపిళ్లకు లెఫ్ట్ జాయినే. ఇంకో సంగతి, కామా పద్ధతిలో, జేసన్‌లో శాంపిళ్లు అనే కీయే, అంటే ఆ పేరే, లేకపోతే చప్పుడు చేయకుండా వరుస పోతుంది, కీ ఉండి విలువ జేసన్ నల్ అయితే ఎర్రర్ వస్తుంది. ఎర్రర్ వస్తే టెన్షన్ పడొద్దు, అదే నయం.

ఉన్న వరుసే మళ్లీ వస్తే ఏం చేయాలో చెప్పే ఆన్ కాన్‌ఫ్లిక్ట్ గురించి కూడా చెబుదామనుకున్నాను, టైమ్ అయిపోతోంది. ఒక్క మాట, టేబుల్‌లో ఊరిని గుర్తించే కీగా ఊరి పేరుని పెట్టుకోవద్దు, ఒకే పేరుతో ఊళ్లు ఎన్నో ఉంటాయి, కోడ్ పెట్టుకోండి.

ఇప్పుడు మీరు కంప్యూటర్ ల్యాబ్‌కి వెళ్లగానే ముడి టేబుల్‌లో వేర్వేరు ఊరి కోడ్‌లు ఎన్ని, ఊళ్ల టేబుల్‌లో వరుసలు ఎన్ని, రెండూ లెక్కపెట్టండి. తేడా వస్తే, ఒకదాంట్లో ఉండి రెండోదాంట్లో లేనివి చూపే ఎక్సెప్ట్‌తో ఆ కోడ్‌లు బయటికి తీయండి. శాంపిల్ లేని ఊళ్ల జాబితా రిపోర్టు మొదటి పేజీలోనే ఉండాలి, అనుబంధంలో కాదు. ఇక ప్రశ్నలు అడగండి, వెనక వరుసలో ఆ తమ్ముడికి మైక్ ఇవ్వండి.