మా బావగారికి పొగరు లేదు

సభకు నమస్కారం. అధ్యక్షులవారిని పొగడడం మొదలుపెడితే భోజనాల వేళ దాటిపోతుంది, నేరుగా విషయానికొస్తాను.

ఆటిజం మీద మాట్లాడమన్నారు. అంటే మెదడు ఎదిగే తీరులోనే తేడా ఉండి, నలుగురితో మాటా మసలడమూ వేరుగా ఉండడం. నేను డాక్టర్ని కాను, ఈ బెంగళూరులో పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరైనదాన్ని. మా అక్క మనవడికి ఆటిజం అని తేలిన రోజు ఇంట్లో అందరం ఒక్కసారే తాతగారి వైపు చూశాం. అంటే మా బావగారి వైపు. ఆయనకు ఏ డాక్టరూ ఏమీ రాసివ్వలేదు. ఉద్యోగం చేశారు, సంసారం ఈదారు. కానీ ఆటిజం పోలికలు మాత్రం కొన్ని ఉన్నాయి.

ఇదేం వింత కాదు. 1943లో లియో కానర్ అనే పిల్లల మానసిక వైద్యుడు ఆటిజం ఉన్న 11 మంది పిల్లల గురించి రాసినప్పుడే వాళ్ళ తల్లిదండ్రుల తీరు కూడా గమనించాడు. దాన్ని పట్టుకుని, తల్లి ప్రేమ చాలకే బిడ్డ ఇలా అయ్యాడని కొన్నేళ్ళు ఆడవాళ్ళని ఆడిపోసుకున్నారు. ఆ పాపం ఎవరు మోస్తారు? 1977లో ఫోల్‌స్టైన్, రట్టర్ అనే పరిశోధకులు 21 కవల జంటల్ని పరిశీలించాక, ఇందులో వంశపారంపర్యం ఉందని తేలింది. ఒకే పోలిక కవలల్లో ఒకరికి ఆటిజం ఉంటే, రెండోవారికి అది లేకున్నా మాటల్లోనో చదువులోనో ఎంతోకొంత ఇబ్బంది చాలా జంటల్లో కనిపించింది.

సరే, బావగారు. ఓ పెళ్ళిలో వియ్యంకుడు వచ్చి ‘భోజనం ఎలా ఉందండీ?’ అని మర్యాదకి అడిగాడు. ఈయన ఆలోచించి మరీ చెప్పారు: ‘పప్పులో ఉప్పెక్కువైంది. పులిహోర చల్లారింది. రసం బాగుంది.’ అంతే, రెండు కుటుంబాలకి మాటల్లేవు! ఆ రసం బాగుందన్నమాట ఒక్కరూ చెప్పుకోరు. మేళం మొదలవగానే ఆ మోత పడక లేచి బయటికెళ్ళిపోతారు, దానికి పొగరని పేరు. అదే మనిషి మా అమ్మ మంచాన పడ్డప్పుడు మందుల వేళలన్నీ గళ్ళ కాగితం మీద రాసి, అర్ధరాత్రి మాత్ర కూడా ఒక్కనాడు తప్పించలేదు. కన్నీళ్ళు పెట్టుకున్న చుట్టాలు సాయంత్రం బస్సుకే వెళ్ళిపోయారు. అయినా మంచి పేరు వాళ్ళదే!

ఇక్కడ సంబంధాలు చూసే పెద్దలున్నారు, మిమ్మల్నే అడుగుతున్నా. అబ్బాయి కళ్ళలోకి చూసి మాట్లాడలేదని ఎన్ని సంబంధాలు తిప్పికొట్టారు?

అలాగని మాట తక్కువైన ప్రతివాడికీ ఆటిజం అంటగట్టకండి, సిగ్గరులూ ఉంటారు. ఆటిజం లక్షణాలు ఎంతున్నాయో చూసుకోడానికి 2001లో కేంబ్రిడ్జి యూనివర్సిటీ పరిశోధకులు తయారుచేసిన 50 ప్రశ్నల పట్టీ ఫోన్లో నింపేసి తీర్పులిచ్చేయొద్దు, అది రోగనిర్ధారణ పరీక్ష కాదు. పనీ నిద్రా దెబ్బతినేంత ఇబ్బందైతే మానసిక, నరాల వైద్యం చేసే నిమ్హాన్స్ ఆసుపత్రి మన ఊళ్ళోనే ఉంది.

బావగారిని ఇవాళ రమ్మన్నాను. లౌడ్‌స్పీకర్లు ఎన్నింటికి ఆపుతారని అడిగారు. కార్యదర్శిగారూ, ఆ టైమేదో చెప్పండి, ఫోన్ చేస్తాను. ఉజ్జాయింపుగా చెబితే ఆయన రారు.