పాత కారు ఏసీ చల్లబడట్లేదా? గ్యాస్ కొట్టించే ముందు ఇవి చూడండి

కారు ఏసీ సరిగ్గా రావట్లేదనగానే ఎవరి నోటైనా వచ్చే మాట ఒకటే. "గ్యాస్ అయిపోయుంటుంది, కొట్టించెయ్." ఈ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. గ్యాస్ అయిపోవడానికి అదేమన్నా పెట్రోలా? ఏసీలో గ్యాస్ ఖర్చయ్యే వస్తువు కాదు. మూసేసిన పైపుల్లో తిరిగిందే తిరుగుతూ ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో దారి చేసుకుని బయటికి పోయిందన్నమాట. ఆ దారి వెతక్కుండా మళ్ళీ నింపితే, అదే దారిన మళ్ళీ పోతుంది. ఇంకా చెప్పాలంటే, చాలా కార్లలో గ్యాస్ నిక్షేపంగా ఉంటుంది. తప్పు వేరే చోట ఉంటుంది. ఆ చోటేదో పట్టుకోవడమే ఈ వీడియో.

[స్క్రీన్ మీద: ఏసీ పైపుల బొమ్మ, బాణాలతో]

గ్యాస్‌ని ఒక హమాలీ అనుకోండి. కారు లోపలి వేడి, బస్తాలు. డాష్‌బోర్డు వెనకాల కూలింగ్ కాయిల్ ఉంటుంది కదా, హమాలీ అక్కడ బస్తా ఎత్తుకుంటాడు. కంప్రెసర్ అతన్ని తోసుకుంటూ కారు ముందుకి తీసుకొస్తుంది. రేడియేటర్ ముందున్న కండెన్సర్ దగ్గర బస్తా దించేస్తాడు. ఎక్స్‌పాన్షన్ వాల్వ్ అనే ఇరుకు గుమ్మంలోంచి దూరి మళ్ళీ లోపలికి వెళ్తాడు. ఇంకో బస్తా, ఇంకో చుట్టు. ఎన్ని మోసినా హమాలీ అరిగిపోడు.

అంకెల్లో కూడా ఒకసారి చూద్దాం, ఎందుకంటే ఇది నాకు భలే ఇష్టమైన విషయం. ఇప్పుడు తిరుగుతున్న పాత కార్లలో ఎక్కువగా ఉండేది ఆర్-134ఏ అనే గ్యాస్. మామూలు గాలి ఒత్తిడి దగ్గర ఇది మైనస్ 26 డిగ్రీలకే మరుగుతుంది. కూలింగ్ కాయిల్‌లో 30 పీఎస్ఐ ఒత్తిడి ఉంటే ఒకటి రెండు డిగ్రీల దగ్గర మరుగుతూ, మరగడానికి కావాల్సిన వేడిని కారు లోపలి గాలి నుంచి లాక్కుంటుంది. కంప్రెసర్ దాన్ని 200 పీఎస్ఐకి నొక్కితే 50 డిగ్రీల పైన కూడా ద్రవంగా మారిపోతుంది. అంటే మండుటెండలో కూడా బయటి గాలి కంటే అదే వేడిగా ఉంటుంది కాబట్టి, ఆ వేడిని బయటికి వదలగలుగుతుంది. మొత్తం ఏసీ రహస్యం ఇంతే.

ఇక పనిలోకి. మొదటి ప్రశ్న: గాలి చల్లగా లేదా, లేక అసలు గాలే రావట్లేదా? ఈ రెండూ వేరు వేరు జబ్బులు. వెంట్ దగ్గర చెయ్యి పెడితే గాలి చల్లగానే ఉండి, నీరసంగా వస్తోందంటే ముందు క్యాబిన్ ఫిల్టర్ తీసి చూడండి. దుమ్ము, ఎండుటాకులు పేరుకుని అట్టలా తయారై ఉంటుంది. బయల్దేరిన అరగంట వరకు బాగా వచ్చి, తర్వాత గాలి తగ్గిపోయి, ఏసీ ఓ పది నిమిషాలు ఆపితే మళ్ళీ బాగా వస్తోందా? అయితే కూలింగ్ కాయిల్ మీద మంచు కట్టేస్తోంది. కాయిల్ దగ్గరుండే థర్మోస్టాట్ లేదా సెన్సర్ కంప్రెసర్‌ని సమయానికి ఆపట్లేదని అర్థం. దీనికి గ్యాస్ కొట్టిస్తే ఏం లాభం?

గాలి బాగానే వస్తోంది కానీ వేడిగా వస్తోంది అంటే, బానెట్ ఎత్తండి. వదులు బట్టలు, చేతులు బెల్టులకి దూరంగా ఉంచండి. లోపల ఒకర్ని కూర్చోబెట్టి ఏసీ బటన్ నొక్కమనండి. మీరు కంప్రెసర్ ముందు భాగాన్నే చూస్తూ ఉండండి.

[స్క్రీన్ మీద: కంప్రెసర్ క్లచ్ దగ్గరి షాట్]

బెల్టు తిప్పే పుల్లీ, అంటే చక్రం, ఇంజన్ నడుస్తున్నంతసేపూ తిరుగుతూనే ఉంటుంది. దాని ముందు గుండ్రటి పళ్ళెం లాంటి ప్లేటు ఉంది చూశారా, అదే క్లచ్ ప్లేటు. ఏసీ ఆఫ్‌లో ఉంటే అది కదలదు. బటన్ నొక్కగానే "టక్" మని చప్పుడై, పుల్లీకి అతుక్కుని తిరగాలి. ఇంజన్ శబ్దం కూడా కాస్త బరువెక్కుతుంది. ఆ టక్ వినిపించలేదంటే హమాలీ ఉన్నా అతన్ని నడిపించేవాడు నిద్ర లేవలేదన్నమాట.

ఎందుకు లేవలేదు? ఫ్యూజ్ చూడండి. తర్వాత రిలే, అంటే క్లచ్‌కి కరెంటు వదిలే చిన్న స్విచ్ డబ్బా. చాలా కార్లలో హారన్ రిలే, ఏసీ రిలే ఒకే రకం ఉంటాయి. నంబరు సరిపోతే రెండూ అటూ ఇటూ మార్చి చూడండి. అదీ బాగానే ఉంటే క్లచ్ వైరు దగ్గర టెస్టర్ పెట్టండి. 12 వోల్టులు వస్తున్నా క్లచ్ పట్టుకోవట్లేదంటే క్లచ్ ప్లేటుని లాగే అయస్కాంతం కాయిల్ పోయింది, లేదా ఎర్త్ సరిగ్గా లేదు, లేదా గ్యాప్ పెరిగింది.

ఈ గ్యాప్ సంగతి కాస్త నిదానంగా చెప్పాలి, పాత కార్లలో ఇది బాగా మోసం చేస్తుంది కాబట్టి. ప్లేటుకి, పుల్లీకి మధ్య సందు చాలా కార్లలో 0.3 నుంచి 0.6 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. ఏళ్ళ తరబడి రాసుకుని రాసుకుని ప్లేటు అరిగి, ఆ సందు పెద్దదవుతుంది. ఉదయం ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు అయస్కాంతం దాన్ని లాగగలుగుతుంది. మధ్యాహ్నం ట్రాఫిక్‌లో కాయిల్ వేడెక్కాక రెసిస్టెన్స్ పెరిగి, లాగే బలం తగ్గుతుంది. ఏసీ ఆగిపోతుంది. సాయంత్రానికి మళ్ళీ బాగుంటుంది! కారు గ్యారేజీకి చేరేసరికి చల్లబడి మామూలుగా పనిచేస్తుంది కాబట్టి మెకానిక్‌కి కూడా దొరకదు. సందులు కొలిచే పల్చటి రేకుల ఫీలర్ గేజ్‌తో కొలిచి, ప్లేటు వెనకున్న షిమ్ అనే పల్చటి రింగు ఒకటి తీసేస్తే చాలా కంప్రెసర్లలో సరిపోతుంది. ఇంత చిన్న పనికి కంప్రెసర్ మొత్తం మార్చేయమని చెప్పడం అన్యాయం.

12 వోల్టులే రావట్లేదంటే ప్రెషర్ స్విచ్ ఆపుతూ ఉండొచ్చు. గ్యాస్ బాగా తగ్గినప్పుడు అది కావాలనే ఆపుతుంది. దయచేసి ఆ స్విచ్‌కి వైరు ముక్క అడ్డం పెట్టి కంప్రెసర్‌ని బలవంతంగా నడపకండి. మన హమాలీ నడుముకి నూనె సీసా కట్టుకుని తిరుగుతాడు. కంప్రెసర్‌కి ఆయిల్ చేరేది గ్యాస్‌తో పాటే. హమాలీ లేడంటే నూనే లేదు. నూనె లేకుండా తిప్పితే లోపల ఇనుము ఇనుముతో రాసుకుని, ఆ పొడి పైపులన్నిటికీ పాకుతుంది. అప్పుడు కంప్రెసర్ ఒక్కటి మారిస్తే చాలదు. గ్యాస్‌లో తేమ పీల్చే డ్రయర్, ఎక్స్‌పాన్షన్ వాల్వ్, చాలాసార్లు కండెన్సర్ కూడా మార్చాల్సిందే.

క్లచ్ పట్టుకుంటోంది, కంప్రెసర్ తిరుగుతోంది, అయినా చల్లగా లేదు. ఇప్పుడు ఒక ప్రశ్న: రోడ్డు మీద పరిగెడుతుంటే చల్లగా ఉండి, సిగ్నల్ దగ్గర ఆగితే వేడి గాలి వస్తోందా? తొంభై పాళ్ళు అనుమానం కండెన్సర్ ఫ్యాన్ మీదే పెట్టుకోండి. హమాలీ బస్తాతో వచ్చాడు, దించడానికి చోటు లేదు. బస్తాతోనే మళ్ళీ లోపలికి వెళ్తున్నాడు. కారు పరిగెడుతుంటే ఎదురుగాలి ఆ చోటు ఖాళీ చేసిపెడుతోంది, ఆగితే ఫ్యానే ఆ పని చెయ్యాలి. ఏసీ వేసినప్పుడు ఫ్యాన్ తిరుగుతోందా, గట్టిగా తిరుగుతోందా చూడండి. అది బాగుంటే కండెన్సర్ మీద నీళ్ళు సన్నగా చిలకరించండి. వెంటనే లోపల చల్లదనం పెరిగితే తప్పు అక్కడే. కండెన్సర్ రెక్కల మధ్య బురద, పురుగులు, లేదా రేడియేటర్‌కీ కండెన్సర్‌కీ మధ్య సందులో చెత్త. ఆ సందులో చెత్త పైకి కనిపించదు, టార్చి వేసి చూడాలి.

ఇంకో దొంగ ఉన్నాడు. హమాలీ ముందు గుమ్మంలోంచి బస్తాలు బయటికి మోస్తుంటే, వెనక గుమ్మంలోంచి ఎవరో బస్తాలు లోపలికి పడేస్తుంటే? అది హీటర్. డాష్‌బోర్డు లోపల చల్లగాలిని, వేడిగాలిని కలిపే చిన్న తలుపు పూర్తిగా మూసుకోకపోయినా, పాత కార్లలో హీటర్ వాల్వ్ కేబుల్ ఊడిపోయినా ఇదే జరుగుతుంది. ఏసీ పైపుల్లో లావుగా ఉన్నది బాగా చల్లగా, నీళ్ళు కారుతూ ఉంది, అయినా లోపల గాలి గోరువెచ్చగా ఉంది అంటే ఈ దొంగనే వెతకండి. లావు పైపే ముట్టుకోండి. కంప్రెసర్ నుంచి కండెన్సర్‌కి వెళ్ళే పైపు చెయ్యి కాలుస్తుంది.

టైం అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను.

లీకేజీ. గ్యాస్‌తో పాటు ఆయిల్ కూడా కొంచెం బయటికొస్తుంది, దాని మీద దుమ్ము అంటుకుని నల్లగా జిడ్డు మచ్చ కడుతుంది. పైపు జాయింట్లు, కండెన్సర్ అడుగు భాగం, కంప్రెసర్ షాఫ్ట్ సీల్, గ్యాస్ ఎక్కించే వాల్వ్ మూతల కింద ఆ మచ్చ కోసం చూడండి. సబ్బు నీళ్ళు పోస్తే పెద్ద లీకులు బుడగలతో బయటపడతాయి. చిన్నవాటికి యూవీ డై, అంటే యూవీ లైటు వేస్తే మెరిసే రంగు, లోపల వేయించాలి. కూలింగ్ కాయిల్ లీకైతే, ఏసీ నీళ్ళు కారే గొట్టం దగ్గర ఆ డై మెరుస్తుంది.

ఒత్తిడి చూపించే గేజులు. కూలింగ్ కాయిల్ నుంచి కంప్రెసర్‌కి వచ్చే వైపు లో సైడ్, కంప్రెసర్ నుంచి కండెన్సర్‌కి వెళ్ళే వైపు హై సైడ్. ఇంజన్ ఆపి ఉంచితే రెండు వైపులా ఒకటే ఒత్తిడి చూపిస్తుంది. 30 డిగ్రీల దగ్గర సుమారు 97 పీఎస్ఐ. ఇది కనిపించిందంటే లోపల కాస్తైనా ద్రవం ఉందని మాత్రమే అర్థం. ఎంత ఉందో ఇది చెప్పదు. నడుస్తున్నప్పుడు లో సైడ్, హై సైడ్ రెండూ తక్కువైతే హమాలీలు తగ్గారు. రెండూ ఎక్కువైతే గ్యాస్ ఎక్కువ పోశారు, లేదా గాలి చేరింది, లేదా కండెన్సర్ వేడి వదలట్లేదు. లో సైడ్ ఎక్కువ, హై సైడ్ తక్కువ అయితే కంప్రెసర్ అరిగింది. లో సైడ్ సున్నా దగ్గరికి లాగేస్తుంటే ఇరుకు గుమ్మం మూసుకుపోయింది.

రిపేరు అయ్యాక వ్యాక్యూమ్ పెట్టించండి, అంటే పంపుతో పైపుల్లోని గాలంతా లాగించండి, కనీసం అరగంట. లోపలి తేమ ఆవిరై పోవాలి, లేకపోతే ఎక్స్‌పాన్షన్ వాల్వ్‌లో మంచు కడుతుంది. పంపు ఆపాక గేజు ముల్లు కదలకుండా నిలబడాలి. 90ల మధ్యకి ముందు కారైతే అందులో ఆర్-12 అనే పాత గ్యాస్ ఉండొచ్చు. దాని ఆయిల్ వేరు, ఆర్-134ఏ నేరుగా కలపకూడదు. గ్యాస్‌ని తూకం వేసి ఎక్కించమనండి, ఎన్ని గ్రాములో బానెట్ కింద స్టిక్కర్ మీద ఉంటుంది. చేతికి చల్లగా తగిలే దాకా పోస్తూ పోతే ఇరుకు దారిలో హమాలీలు కిక్కిరిసి ఎవరూ కదల్లేరు.

చివరిగా కిటికీలు మూసి, లోపలి గాలినే తిప్పే రీసర్క్యులేషన్ బటన్ నొక్కి, మధ్య వెంట్‌లో థర్మామీటర్ పెట్టి పది నిమిషాలు చూడండి. 5 నుంచి 10 డిగ్రీల మధ్య వస్తే పని కుదిరినట్టే. బాగా ఉక్కగా ఉన్న రోజు రెండు మూడు డిగ్రీలు ఎక్కువ చూపించినా కంగారు పడి మళ్ళీ గ్యాస్ కొట్టించకండి.