ఇంటికి తిరిగొచ్చినవాళ్లని ఇటాలియన్‌లో ఏమని పలకరించాలి? (ఫోన్-ఇన్ కార్యక్రమం)

వ్యాఖ్యాత: నమస్కారం. ఇటాలియన్ నేర్పే టీచర్‌గారు ఈ రోజు మనతో ఉన్నారు. మొదటి కాల్ లైన్‌లో ఉంది. హలో, ఎక్కడి నుంచండీ?

కాలర్: నమస్తే అండి, ఇటలీలోని టొరినో నుంచి. మావారి ఉద్యోగం ఇక్కడే. మా ఎదురు ఫ్లాట్‌లో ఓ పెద్దావిడ ఒక్కరే ఉంటారు, తుంటి ఆపరేషన్ అయి ఆస్పత్రిలో ఉన్నారు, ఈ శనివారం ఇంటికొచ్చేస్తున్నారు. మా పాపంటే ఆవిడకి ప్రాణం. అందుకని తలుపు మీద ఏదైనా రాసి అంటించి, నోటితో కూడా ఓ మంచి మాట చెప్పాలని ఉంది. ఫోన్‌లో స్వాగతం అని కొడితే 'బెన్వెనూతో' అని వచ్చింది, రాసేయనా?

టీచర్: వద్దమ్మా, ఆగండి. అది మన ఇంటికి కొత్తగా వచ్చినవాళ్లతో అనే మాట. ఆవిడ వస్తున్నది సొంతింటికి కదా! తిరిగొచ్చిన ఆడమనిషితో 'బెన్‌తొర్నాతా' అంటారు. మగాయనైతే 'బెన్‌తొర్నాతో', మగవాళ్లో ఆడామగా కలిసో వస్తే 'బెన్‌తొర్నాతీ', అందరూ ఆడవాళ్లే అయితే 'బెన్‌తొర్నాతె'. చివరి అక్షరం వచ్చినవాళ్లని బట్టి మారుతుంది, మీరెవరన్నదానితో పనిలేదు. మీరు 'బెన్‌తొర్నాతా ఆ కాజా, సిన్యోరా' అని రాయండి, చాలు. సిన్యోరా అంటే అమ్మగారూ అన్నట్టు. కాజా అంటే ఇల్లు, మీ టొరినో వైపు 'జా' అని పలుకుతారు, దక్షిణానికి వెళ్తే 'కాసా' అంటారు, రెండూ సరైనవే.

కాలర్: పెద్దావిడ కదా, నేనెప్పుడూ 'లెయి' అనే, అంటే మీరు అనే మాట్లాడతాను. దానికేమైనా తేడా వస్తుందా?

టీచర్: ఈ మాటకి రాదు. ఆ తర్వాత ఒంట్లో ఎలా ఉందని అడుగుతారు చూడండి, అక్కడ వస్తుంది. 'కోమె సి సెంతె?' అనండి, అది మీరు అని మన్నించి అడిగినట్టు. చనువున్నవాళ్లనైతే 'కోమె తి సెంతి?' అంటారు. ఆవిడే 'తూ', అంటే నువ్వు అనమని చెప్పేదాకా మీరు మార్చకండి.

కాలర్: పూలు కూడా తీసుకెళ్దామనుకుంటున్నాను, మార్కెట్‌లో పచ్చ చామంతులు భలే ఉన్నాయి...

టీచర్: అయ్యో, చామంతులు మాత్రం వద్దు! మనం గుమ్మానికి కడతాం, దేవుడికి పెడతాం గానీ ఇటలీలో అవి సమాధుల మీద పెట్టే పూలు. నవంబర్ 2న చనిపోయినవాళ్లని తలుచుకునే రోజు వస్తుంది, ఆ రోజుల్లో శ్మశానాల నిండా అవే. ఆస్పత్రి నుంచి వచ్చిన మనిషి చేతిలో అవి పెడితే మీ మనసు ఎంత మంచిదైనా ఆవిడ గుండె జారిపోతుంది. గులాబీలు తీసుకెళ్లండి, లేదంటే చిన్న పూలకుండీ.

వ్యాఖ్యాత: ఇది చాలామందికి తెలియదండీ. మరి లోపలికి వెళ్లేటప్పుడు?

టీచర్: తలుపు తీసే ఉన్నా సరే గడప దగ్గర ఆగి 'పెర్మెస్సో?' అనాలి, లోపలికి రావచ్చా అని. ఆవిడ 'అవాంతి' అన్నాక అడుగు పెట్టండి. బుగ్గ బుగ్గ ఆనించి రెండుసార్లు ముద్దిచ్చుకునే అలవాటుంది కానీ, ఆపరేషన్ అయిన మనిషి, ఆవిడ ముందుకు వంగితేనే మీరూ వంగండి. మీ మాటకి బదులుగా ఆవిడ మిమ్మల్ని 'బెన్‌త్రొవాతా' అనొచ్చు. కంగారు పడకండి, మళ్లీ కలిశాం, సంతోషం అన్నట్టు. మొదటి రోజు ఎక్కువసేపు కూర్చోకండి, మధ్యాహ్నం ఒంటిగంట వేళ భోజనాల టైము, అప్పుడసలు బెల్ కొట్టకండి.

వ్యాఖ్యాత: థాంక్యూ అమ్మా. తర్వాత గుంటూరు నుంచి కాల్. చెప్పండమ్మా.

కాలర్: నమస్కారం బాబూ. మా కోడలు ఇటలీ అమ్మాయి. పెళ్లయ్యాక ఒకసారి వచ్చింది, ఇప్పుడు మావాడితో కలిసి పండక్కి వస్తోంది. హారతి ఇచ్చేటప్పుడు వాళ్ల భాషలో ఒక్క మాట అనాలని నా ఆశ. నాకు నోరు తిరుగుతుందంటారా?

టీచర్: ఎందుకు తిరగదమ్మా? వాళ్ల మాటలు కూడా చాలావరకు మనలాగే అచ్చుతో ఆగుతాయి. వాళ్ల 'త' కూడా మన 'త'నే. 'నా' దగ్గర కాస్త నొక్కి సాగదీయండి, బెన్‌తొర్... నా... తీ. ఇద్దరూ వస్తున్నారు కాబట్టి 'తీ'.

కాలర్: బెన్‌తొర్నాతీ.

టీచర్: అంతే! మొదటిసారి వచ్చినప్పుడైతే 'బెన్వెనూతా' అనాల్సింది, ఇప్పుడు ఆ ఇల్లు ఆ అమ్మాయిది కూడా కాబట్టి ఇదే అనండి. హారతి పళ్లెం మొహం దగ్గరికి తెచ్చేముందు అదేమిటో మీ అబ్బాయి చేత రెండు ముక్కలు చెప్పించండి, కంగారు పడదు.

కాలర్: మరి అన్నం తిన్నావా అని అడగడమెలా బాబూ? నేను మొదట అడిగేది అదే.

టీచర్: 'అయ్ మంజాతో?' అనండి. ఇటలీలో అమ్మలూ అమ్మమ్మలూ గుమ్మంలో అడిగేది కూడా అదే.